నడి గీత అవతల

సార్ ఇంకా ఇటు తిరగలేదు. తిరుగుతాడు. మూడేళ్లుగా ఆ మెడ వెనకభాగం చూస్తూనే ఉన్నాను, అది ఎర్రబడితే ఒక అర్థం, చెమటతో కాలరు తడిస్తే ఇంకో అర్థం, ఇప్పుడు రెండూ అయ్యాయి, కాబట్టి మాకు ఆటలు నేర్పే పీడీ తిరుమల్ సార్ కాసేపట్లో మెడ తిప్పి బెంచీ వైపు చూస్తాడు. బెంచీ మీద చూడ్డానికి ఎవరున్నారు కనక, మణికట్టుకి తెల్లటి కట్టుతో యాదలక్ష్మి, బంతి పట్టుకోవడం ఇంకా సరిగ్గా రాని ఇద్దరు ఫస్టియర్ పిల్లలు, మోకాలికి నల్ల బెల్టుతో నేను. నన్నే అడుగుతాడు. భవానీ, పోతవా అని. రెండే మాటలు. ఆ రెండు మాటలకి ఏం చెప్పాలో పొద్దున లేచినప్పటి నుంచి వెతుకుతున్నాను, పళ్లు తోముతూ వెతికాను, సాగర్ రోడ్డు మీద నిలబడి వెతికాను, ఇప్పుడు ఎండలో మాడుతూ ఈ ఇనుప బెంచీ మీద వెతుకుతున్నాను. పోతా సార్ అంటే ఒకటి, పోను సార్ అంటే ఒకటి. ఆ రెండింటి మధ్య ఇంకో జవాబు ఎవరైనా కనిపెట్టి ఉంటే బాగుండేది.

బాస్కెట్‌బాల్ మ్యాచ్, మా కాలేజీ కోర్టులోనే. మా కోర్టు అని గొప్పగా అంటాం గానీ, సిమెంటు నేల, మూలల్లో పగుళ్లు, పగుళ్లలో గడ్డి, చుట్టూ ఇనుప జాలీ కంచె, కంచె అవతల కొత్త వెంచర్ వాళ్లు పాతిన రంగురంగుల జెండాలు, వాటి వెనక ఎక్కడో పెద్ద చెరువు. ఈ ఏడు వానలు దంచాయి, చెరువు నిండింది, దాని మీది గాలి ఇక్కడిదాకా చల్లగా వస్తుందని అందరూ అంటారు, నాకైతే ఇవాళ ఏ చల్లదనమూ తగలడం లేదు. అవతలి జట్టు సిటీ నుంచి సొంత బస్సులో వచ్చింది, అందరి బూట్లూ ఒకటే రంగు. మా పగుళ్లను చూసి వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, అప్పుడే నాకు ఒళ్లు మండింది. సీజన్ ఇంకా సరిగ్గా మొదలే కాలేదు, అప్పుడే సగం జట్టు దవాఖాన పాలైంది. మొదటి మ్యాచ్ ఓడిపోయాం, తడి నేల మీద జారి యాదలక్ష్మి చెయ్యి విరగ్గొట్టుకుంది ఆ రోజే. దానికి ముందే ప్రాక్టీసులో నా మోకాలు. ఇవాళ కూడా ఓడితే ఇంటికే, వచ్చే ఏడాది దాకా ఈ పగుళ్లలో గడ్డి పెంచుకోవడమే, ఆ వచ్చే ఏడాది నేనుండను, నాది ఫైనలియర్. పొద్దున సార్ బోర్డు స్తంభం దగ్గర కొబ్బరికాయ కొడితే ఒక్క దెబ్బకే పగిలింది, ఇంకేంది, మ్యాచ్ మనదే అన్నాడు. కొబ్బరి ముక్కలు అందరం తిన్నాం. మూడో క్వార్టర్ అయిపోవస్తోంది, రెండు పాయింట్లు వెనక ఉన్నాం.

సింధు చేతిలో బంతి ఉన్నంతసేపు ఫర్వాలేదు. నేనూ సింధూ మొదటి ఏడాది నుంచీ జంట, అది బంతి తెస్తుంది, నేను వేస్తాను, నేను ఎటు కదులుతానో దానికి చూడకుండానే తెలుసు. ఇవాళ నేను లేని చోటికి రెండుసార్లు బంతి విసిరి నాలుక కరుచుకుంది, అలవాటు అట్లాంటిది. అక్కడ సాయిశ్రీ ఉండాలి. సాయిశ్రీ ఇంకెక్కడో ఉంది. సాయిశ్రీ ఫస్టియర్, కోహెడ నుంచి వస్తుంది, బడిలో కబడ్డీ ఆడి జిల్లా దాకా పోయిన పిల్ల. మా కాలేజీలో కబడ్డీకి సరిపడా ఆడపిల్లలు దొరక్క ఆ జట్టే కట్టలేదు, యాదలక్ష్మి చెయ్యి విరిగిన మర్నాడు, గింత ఉరుకుడున్న పిల్లను ఊకె కూసోబెడ్తమా అంటూ సార్ దాన్ని మా దగ్గరికి లాక్కొచ్చాడు. వచ్చిన మొదటిరోజు నడి గీత దగ్గర వంగి, గీతను తాకి కళ్లకద్దుకుంది. ఇక్కడ మొక్కితే గీతకు కాదు రింగుకి మొక్కాలని సింధు అంటే అందరం నవ్వాం. కాసేపు ఆడించి సార్ బయటికి పిలిస్తే అది బెంచీ మీద కూర్చోలేదు. బెంచీ వెనక నేల మీద మోకాళ్లు ముడుచుకుని, కోర్టు వైపే చూస్తూ కూర్చుంది. కాసేపయ్యాక నన్ను అడిగింది.

"నన్నెప్పుడు బతికిస్తరక్కా?"

కబడ్డీలో అంతే కదా. ఔటైనవాళ్లు పక్కన కూర్చోవాలి, జట్టుకి పాయింట్ వస్తే ఒకరు బతికి మళ్లీ లోపలికి పోతారు. ఇక్కడ చావడాలూ బతకడాలూ లేవు, సార్ పిలిస్తే పోవడమే అని చెప్పాను. నవ్వీ నవ్వీ యాదలక్ష్మికి కట్టు కట్టిన చెయ్యి సలిపింది. అప్పుడు నాకు సాయిశ్రీ మీద కోపం లేదు, అప్పటికి అది ఇంకా నా చోట ఆడటం లేదు. దానికున్న జబ్బు ఒక్కటే. మా ఆటలో బంతితో నడి గీత దాటామా, దాటినట్టే, ఆ బంతితో మళ్లీ వెనక్కి రాకూడదు, వస్తే విజిల్, బంతి అవతలివాళ్లకి. సాయిశ్రీ దాటుతుంది, ఒకరిని తప్పించుకుంటుంది, ఇద్దరిని తప్పించుకుంటుంది, ఇంక వేసేస్తుంది అనుకునేలోపల గిర్రున తిరిగి మా సగంలోకి ఒక్క ఉరుకు. గీత ఇవతలికొచ్చి, గండం గడిచినట్టు మొహం పెట్టుకుని నిలబడుతుంది. సార్ గీత పొడుగునా ఇటుకలు పేర్పించాడు, ఇటుకల మీంచి దూకి వచ్చింది. శిక్షగా గ్రౌండు చుట్టూ ఉరికించాడు, హాయిగా ఉరికింది. చివరికి తిట్టాడు. నాకు ఎర్కనే సార్, కాళ్లే ఇంటలేవు అంది.

కాళ్లు మాట వినకపోవడమంటే ఏమిటో నన్నడగాలి. ఆ సాయంత్రం బంతి కోసం ఎగిరి దిగాను, కాలు దిగిన చోటే ఉండిపోయింది, నేను పక్కకి తిరిగాను, మోకాలు తిరగలేదు, లోపల ఏదో పుటుక్కుమంది, పెద్ద చప్పుడేం కాదు, చిక్కుడుకాయ తుంచితే వచ్చేంత. అమ్మ కట్లు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఏదో ఆకు పసరు పూసి వెదురుబద్దలు పెట్టి బిగించాడు, వారం దాకా నా మంచం దగ్గరికొచ్చిన వాళ్లంతా ముక్కు మూసుకున్నారు. వాపు తగ్గింది, నడక వచ్చింది. అయినా బాపుకి నమ్మకం కుదరక సిటీలో పెద్ద దవాఖానకి తీసుకెళ్లాడు. ఆ డాక్టరు స్కానింగ్ ఫొటో దీపానికెత్తి చూసి, లోపల లిగమెంట్ సగం తెగిందమ్మా, సగమే ఉంది, ఆ సగం మీద నడువు, ఎగరొద్దు, ఇంకొక్కసారి మెలిపడితే ఆ సగమూ పోతుంది, అప్పుడు ఆపరేషన్ తప్పదు, ఆ తర్వాత ఆట మాట మర్చిపోవాలి అన్నాడు. కదపకుండా ఉంచితే జనవరికల్లా మానుతుందన్నాడు. ఇది సార్‌కి తెలియదు. బెణికింది, తగ్గిపోతోంది అని చెప్పాను. అసలు సంగతి తెలిసింది నాకూ, బాపుకీ.

బాపు వచ్చాడు. కంచె అవతల, జెండాల కింద, ఖాకీ చొక్కా మీదే ఉన్నాడు, డ్యూటీ దిగి డిపో నుంచి అటే వచ్చినట్టున్నాడు. మా బాపు లింగస్వామి బస్సు డ్రైవరు. ఇన్నేళ్లలో నా ఆట చూడ్డానికి ఒక్కసారి రాలేదు, ఇవాళే వచ్చాడు, జాలీలో రెండు వేళ్లు దూర్చి పట్టుకుని నిలబడ్డాడు. దవాఖాన నుంచి వస్తున్న రోజు గుర్తొస్తోంది. వేరే డ్రైవరు నడుపుతున్న బస్సులో బాపుకి కూర్చోవడం చేతకాదు, ముందు ఏదైనా అడ్డం వస్తే బాపు కుడికాలు దానంతటది నేలను తొక్కుతుంది, అక్కడ బ్రేకు ఉన్నట్టు. ఆ రోజు దారంతా తొక్కుతూనే ఉన్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ, ఆడొద్దు బిడ్డా అంటాడు, అంటే పోట్లాడతాను, పోట్లాడి ఓడిపోతాను, ఓడిపోతే నా మీద పాపం ఉండదు అని లెక్కలు వేసుకుంటున్నాను. బొంగుళూరు దాటాక నోరు విప్పాడు. నాకు బస్సు దెల్సు, నీ ఆట నాకు దెల్వది బిడ్డా, ఆడుమన, వద్దన, నీ కాలు సంగతి నువ్వే జెప్పాలె అన్నాడు. అంతే. ఏ ఇంట్లోనైనా తండ్రులు అన్నిటికీ వద్దంటారు, నాకు దొరికిన తండ్రి వద్దనాల్సిన ఒక్క రోజు నోరు మూసుకున్నాడు. ఆ కోపం ఇంకా ఉంది. ఇప్పుడు మాత్రం ఎందుకొచ్చినట్టు, పడితే ఎత్తుకుపోవడానికా.

ఇటు షామియానా కింద సుగుణ మేడం ఉంది. యూనివర్సిటీ జట్టుకి అమ్మాయిల్ని ఏరేది ఆమే. అసలు పేరు సుగుణమ్మ, అట్లా పిలిచే ధైర్యం ఎవరికీ లేదు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుంది, ఎవర్ని చూస్తోందో తెలియదు, చేతిలో టీ చల్లారిపోయినా తాగడం లేదు. మా భవానిని ఒక్కసారి చూడుండ్రి మేడం, తర్వాత మీ ఇష్టం అని సార్ ఫోన్లో బతిమాలుతుంటే నేను పక్కనే ఉన్నాను. అంటే ఇంత దూరం, ఈ ఎండలో ఆమె వచ్చింది నా కోసం. నాకు అది కావాలి. సిగ్గుపడకుండా చెబుతున్నాను, కావాలి. బడిలో నా పొడుగు చూసి నిట్టాడు గుంజ అనేవాళ్లు, ఫొటో దిగితే వెనక వరస, బస్సెక్కితే తల వంచుకో, పెళ్లిళ్లలో చుట్టాల పక్కన నిలబడితే జర పక్కకి జరుగు. ఈ సిమెంటు ముక్క మీదే మొదటిసారి ఎవరో నన్ను ఇంకా ఎగురు అన్నారు. యూనివర్సిటీ పోటీలు జనవరి దాటాకే, అప్పటికి మోకాలు మానుతుంది. ఇవాళ ఆమె కంట్లో పడితే చాలు. ఐదు నిమిషాలు. ఎగిరి రెండు వేస్తే చాలు, కాలు జాగ్రత్తగా దించుకుంటే చాలు, మెలిపడకుండా ఉంటే చాలు. ఎన్ని చాలులో. ఇవాళ ఆమె చూడకపోతే మళ్లీ చూసే రోజు నాకు లేదు.

విజిల్. ఐదో ఫౌల్. సింధుది. రిఫరీ చెయ్యెత్తి ఐదు వేళ్లూ చూపిస్తున్నాడు, ఇంక సింధు ఈ మ్యాచ్‌లోకి రాకూడదు. అది నడుచుకుంటూ వచ్చి నా పక్కన కూలబడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది, వెక్కిళ్లు వినిపిస్తున్నాయి, భుజం మీద చెయ్యి వేశాను గానీ నా కళ్లు సార్ మెడ మీదే ఉన్నాయి. ఇప్పుడు తిరుగుతాడు. తిరగలేదు. ఫస్టియర్ పిల్లల్లో ఒకదాన్ని లోపలికి పంపి, బంతి తెచ్చే పని సాయిశ్రీకి చెప్పాడు. అది తలూపి, వంగి, గీతను తాకి కళ్లకద్దుకుంది. చివరి క్వార్టర్. మొదటిసారి బంతి అందుకోగానే తిన్నగా పోయింది, ఎవరూ అడ్డం రాకముందే పోయి వేసేసింది, అప్పటికప్పుడు లెక్క సమానం. కాలేజీ పిల్లలు ఈలలు. సుగుణ మేడం టీ గ్లాసు కింద పెట్టింది. అది చూశాను, అన్నీ చూస్తాను నేను, చూడ్డం తప్ప నాకు పనేముంది. మళ్లీ బంతి, మళ్లీ గీత దాటింది, ఈసారి ఇద్దరు అడ్డం నిలబడి దారి ఇవ్వలేదు, ఇటు జరిగింది, అటు జరిగింది, సందు లేదు, గిర్రున తిరిగి వెనక్కి ఉరుకు. విజిల్. సార్ రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్నాడు. నాకు ఆనందమైంది. కొంచెం కూడా కాదు, బాగా. నా జట్టు, నేను కెప్టెన్‌ని, నా జట్టు బంతి పోగొట్టుకుంటే నాకు ఆనందమైంది, ఇంకో రెండుసార్లు ఇట్లాగే చెయ్యవే తల్లీ, సార్ ఇటు తిరుగుతాడు అని లోపల ఎవరో అంటున్నారు, ఆ గొంతు నాదే. ఛీ అనుకున్నాను, అనుకున్నా ఆ గొంతు ఆగలేదు.

అవతలివాళ్లు వేశారు, మావాళ్లు వేశారు, మళ్లీ అవతలివాళ్లు, ఈసారి ఫ్రీ త్రోలో ఒక్క పాయింటు. మళ్లీ బంతి సాయిశ్రీది. ఈసారి దాని కాళ్లు చూడలేదు, ఇన్నాళ్లూ అందరం దాని కాళ్లే చూశాం, సార్ ఇటుకలు పెట్టింది కాళ్లకే. మొహం చూశాను. గీత దగ్గరికి వస్తూనే నోరు మూసింది. పెదవులు బిగుసుకున్నాయి, మెడ మీద నరం లేచింది, రొమ్ము ఎగసిపడటం లేదు. బంతి కొడుతూ, ఇంత ఉరుకుతూ, రొమ్ము కదలని మనిషి ఎట్లా ఉంటుంది. ఇద్దరు అడ్డం వచ్చారు, పెదవులు వణికాయి, మొహం నల్లబడింది, తిరిగింది, వెనక్కి ఉరికింది, గీత ఇవతల కాలు పడగానే నోరు బార్లా తెరిచి ఒక్క పెద్ద ఊపిరి. విజిల్. ఆ ఊపిరి నాకు తెలుసు. చిన్నప్పుడు మేనమామల ఊళ్లో, వరి కోసిన మడిలో, కొయ్యకాళ్లు అరికాళ్లకి గుచ్చుకుంటుంటే మేమూ కూతకి పోయేవాళ్లం, కబడ్డీ కబడ్డీ కబడ్డీ అంటూ ఒకే ఊపిరి మీద అవతల తిరగాలి, అవతల ఉండగా ఊపిరి తెగిందా, ఔట్, కాబట్టి ఊపిరి అయిపోవస్తుంటే ఇంకేదీ కనపడదు, తాకాల్సినవాళ్లు కనపడరు, గీత ఒక్కటే కనపడుతుంది. ఈ పిల్ల నోట్లో కూత లేదు గానీ ఊపిరి మాత్రం పట్టుకునే పోతోంది. ఎవరూ అడ్డం రాకపోతే ఆ ఒక్క ఊపిరిలో వేసేసి వస్తోంది. ఆలస్యమైతే ప్రాణం గుంజి, కాళ్లు ఇంటికి తిప్పుకుంటోంది. దానికి తెలియకుండా. ఇన్ని రోజులు ఇటుకలు పేర్చాం, తిట్టాం, నవ్వాం. ఊపిరి తీసుకో అని ఒక్క మాట చెబితే పోయేదానికి.

ఒక్క మాట. ఈ గ్రౌండు మొత్తం మీద ఆ మాట తెలిసింది నాకొక్కదానికే. చెబితే అది ఆడుతుంది, ఇంక నాతో పని లేదు, సుగుణ మేడం దాన్ని చూసుకుంటూ కూర్చుంటుంది, చూసి బండెక్కి పోతుంది. చెప్పకపోతే సార్ మెడ తిప్పుతాడు. చెప్పకపోవడం ఎంత తేలిక, నోరు మూసుకుంటే చాలు, ఎవరికీ తెలియదు, రేపు ప్రాక్టీసులో చెప్పొచ్చు, అప్పుడే తట్టినట్టు. రేపటికి ప్రాక్టీసు ఎందుకు, ఓడితే ఏముంది రేపు. ఓడం, నేను పోతే ఓడం. నువ్వు పోతే ఎన్ని నిమిషాలు నిలబడతావే. నిలబడతాను. బెల్టు బిగించి చూసుకున్నాను, మోకాలు వంచాను, లోపల ఎక్కడో దారం లాగినట్టు అయింది. మోకాలి మీదున్న నా చెయ్యి చూసి యాదలక్ష్మి, నొస్తుందానే అంది. లేదన్నాను. ఒక్క పాయింట్ వెనక ఉన్నాం. సార్ టైం అవుట్ అడిగాడు.

సార్ తిరిగాడు.

"భవానీ, పోతవా?"

లేచి నిలబడ్డాను. జాకెట్టు జిప్పు లాగాను, లోపల జెర్సీ, నా నెంబరు, కాలేజీ పిల్లలు చూసి నా పేరు పెట్టి అరిచారు, షామియానా కింద సుగుణ మేడం కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకుంది, నా కోసం తీసింది, మొదటిసారి ఆమె కళ్లు చూశాను. కంచె వైపు చూశాను. బాపు చెయ్యి ఊపలేదు, తల ఊపలేదు. కుడికాలు మాత్రం నేలను తొక్కుతోంది, మట్టిలో, గట్టిగా, మళ్లీ, మళ్లీ. ఆయనకు కూడా తెలియకుండా. కోపం ఎటు పోయిందో తెలియదు. నోరు మూసుకున్న మనిషి కాలితో అరుస్తున్నాడు. ఆయన నోటితో అనడు, నా కోసం వద్దనే మాట ఎవరూ అనరు, నేనే అనాలి. పక్కకు తిరిగాను. బెంచీ వెనక నేల మీద, మోకాళ్లు ముడుచుకుని సాయిశ్రీ కూర్చుని ఉంది. ఎవరూ దాన్ని తీసెయ్యలేదు ఇంకా, నేను లేచానని చూసి తనే పోయి కూర్చుంది, ఔటైనదానిలా. నీళ్లు కూడా తాగడం లేదు.

"నేను పోను సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "లోపల సగం తెగింది. ఇంకోసారి తిరిగితే ఆపరేషనే అన్నడు డాక్టర్. మీకు చెప్పలే."

సార్ నోరు తెరిచాడు. గిప్పుడా చెప్పేది అంటాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. నా మోకాలు చూశాడు, కంచె అవతలున్న బాపుని చూశాడు, తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు. మరి ఇప్పుడెట్ల అన్నాడు, నన్ను కాదు, ఎవర్నో. నేను అప్పటికే నేల మీద వంగాను, వంగితే మోకాలు సలిపింది, సలపనీ. సాయిశ్రీ జబ్బ పట్టుకున్నాను, జబ్బ వేడిగా కాలిపోతోంది.

"గీత దాటంగనె ఊపిరి వడ్తున్నవా నువ్వు?"

అది కళ్లు మిటకరించింది. లేదక్కా అనబోయి ఆగింది. ఒకసారి ఊపిరి పట్టి చూసుకుంది, నా ఎదురుగానే, చిన్నపిల్లలాగ. "అవ్ అక్కా. వడ్తున్న."

"వట్టకు. అవతల గూడ మనదే. ఎంతసేపైన ఉండు, ఎవ్వలు నిన్ను ఔట్ జెయ్యరు. ఆడనే ఊపిరి దీస్కో."

"నేను ఔట్ గాదా మరి? నువ్వు లేసినవ్ గద."

దాన్ని లేపి నిలబెట్టాను. ఆ ఒక్క క్షణం ఇంకా నా చేతిలో ఉంది, జబ్బ వదలకుండా ఉండొచ్చు, నేనే పోతా సార్ అనొచ్చు, షామియానా కింద ఆ కళ్లు ఇంకా నా మీదే ఉన్నాయి. వదిలేశాను.

"బతికినవ్. పో."

పోయింది. నేను బెంచీ మీద కూర్చోలేదు, కాలు వంగనంది, సాయిశ్రీ లేచిపోయిన చోటే నేల మీద కాలు చాపుకుని కూర్చుండిపోయాను. కింద నుంచి చూస్తే ఆట వేరేలా ఉంది, బూట్లూ మోకాళ్లే కనపడతాయి, అన్నీ గట్టి మోకాళ్లు. బంతి అవతలివాళ్లది, వేశారు, తగల్లేదు, రింగు మీంచి పడింది, మా ఫస్టియర్ పిల్ల ఎట్లాగో అందుకుంది, సాయిశ్రీకి ఇచ్చింది. ఇంక ఎక్కువ ఆట లేదు. అది గీత దగ్గరికి వచ్చింది. నోరు మూసింది. దాటింది. ఇద్దరు అడ్డం వచ్చారు, పొడుగ్గా చేతులు చాచారు, ఇటు జరిగింది, లేదు, అటు జరిగింది, లేదు, మడమ తిరగడం చూశాను, ఇంటి వైపు తిరుగుతోంది, సింధు నా భుజంలో గోళ్లు దించింది, సార్ కళ్లు మూసుకున్నాడు. మడమ ఆగింది. గీతకి వేలెడంత దూరంలో. సాయిశ్రీ అవతలి సగంలో, శత్రువుల మధ్య, ఆగిపోయి, నోరు తెరిచి, ఇంత ఊపిరి తీసుకుంది. బంతి కొడుతూనే. ఇంకోటి తీసుకుంది. అక్కడ ఊపిరి ఆడుతుందని అప్పుడే తెలిసినట్టు, నవ్వొచ్చినట్టుంది దానికి, అడ్డం నిలబడ్డవాళ్లు ఆ నవ్వేమిటో తెలియక ఒక అడుగు తడబడ్డారు, ఆ సందు చాలు. పోయింది. ఎగిరింది. నేను ఎగరాల్సిన చోటే ఎగిరింది. బంతి రింగులో ఒకసారి తిరిగి లోపల పడింది.

అరుపులు. సింధు నా మీద పడింది, ఎక్కడ పడిందో చూసుకోలేదు, నొప్పికి కళ్లు చీకట్లు కమ్మాయి. ఒక్క పాయింట్ పైన ఉన్నాం, ఆట ఇంకా ఉంది. సుగుణ మేడం పక్క కుర్చీ వైపు వంగి ఏదో అడుగుతోంది, ఆ పిల్ల పేరేంటని అయి ఉంటుంది, చెప్పేవాళ్లు చెబుతున్నారు, సాయిశ్రీ అని. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఎందుకు ఆపుకోవాలి, మూడేళ్లు ఎగిరింది నేను. కంచె దగ్గర బాపు జాలీలోంచి వేళ్లు తీసేసి ఆ చేత్తో మొహం తుడుచుకుంటున్నాడు. కాలు తొక్కడం ఆపింది. సార్ వెనక్కి తిరిగి, రేపు రిపోర్టులన్నీ పట్కరా, నేను జూడాలె అన్నాడు నాతో, కోపంగానే అన్నాడు. సాయిశ్రీ మా సగంలోకి ఉరికొస్తోంది, ఇప్పుడు రావచ్చు, ఇప్పుడు రావాలి, కాపు కాయాలి. వస్తూ వస్తూ నేల మీద కూర్చున్న నన్ను చూసింది. దాని మొహంలో ఎగతాళి లేదు. జట్టుకి పాయింట్ వచ్చింది కదా, ఔటై కూర్చున్నవాళ్లలో ఒకరు లేవాలి, దానికి తెలిసిన లెక్క అదే. ఉరుకుతూనే నా వైపు చెయ్యి చూపించి, రొప్పుతూ అరిచింది.

"అక్కా, లే! బతికినవ్!"

నేను లేవలేదు. కాలు చాపుకుని, మోకాలి మీద చెయ్యి వేసుకుని, ఆట అయిపోయేదాకా అక్కడే కూర్చున్నాను.